కీల్ కోసిన వేసవి

సవతిని చేజేతులా ఇంటి గుమ్మం దాకా తెప్పించుకున్న ఆడది లోకంలో మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది. సవతంటే మనిషి కాదు లెండి, పడవ. మా నాన్న తెరచాప పడవ. పెళ్ళికి ముందు నుంచీ ఉంది ఆయనకి. వారమంతా రేవులో లాంచీ నడిపి, సెలవు దొరికిందంటే చాలు, అదెక్కి సముద్రం మీదికి పోయేవాడు. "తాళి నాకు కట్టాడు గానీ కాపురం దాంతోనే," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది అమ్మ. "అది నోరెత్తదే, అదీ దాని గొప్ప," అని నాన్న నవ్వేవాడు. ఒక్కరోజు కూడా అమ్మ దాన్లో కాలు పెట్టి ఎరగదు.

చలికాలం చివర్లో నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది, ఓపిగ్గా వింటే అర్థమయ్యేది. మా నాన్నేమో భారీ మనిషి. ఆయన్ని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి దింపాలంటే నాకూ అమ్మకీ తల ప్రాణం తోకకి వచ్చేది. కుర్చీ కిటికీ దగ్గరే వెయ్యాలి, ఇంకెక్కడ వేసినా ఒప్పుకోడు. అక్కణ్ణుంచి చూస్తే, దూరంగా లోతునీళ్ళలో నిలిపి ఉంచిన ఆ పడవ కనపడేది. పొద్దస్తమానం అదే చూపు.

"ఒక్కసారి చుక్కాని పట్టుకుని కూర్చుంటే చాలే," అన్నాడు ఒకరోజు అమ్మతో. "ఎక్కడికీ పోనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు."

పడవల షెడ్డు మేస్త్రి నాన్నకి సొంత తమ్ముడి కిందే లెక్క, మేం బాబాయ్ అనే పిలుస్తాం. ఆయనా నేనూ కలిసి నాన్నని తెడ్ల పడవలో కూర్చోబెట్టి అక్కడిదాకా తీసుకెళ్ళాం. ఎక్కించడం దగ్గర వచ్చింది చిక్కు. నాన్న ఎడం చేత్తో పెద్ద పడవ అంచు పట్టుకున్నాడు. బాబాయ్ కింద నుంచి ఎత్తాడు, నేను కాలు పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే అల వచ్చి మా చిన్న పడవ పక్కకి జరిగింది. రెండు పడవల మధ్యా పొట్ట మీద వేలాడిపోయాడు మా నాన్న. చొక్కా చంకల దాకా పోయింది. ఒడ్డున ఉన్నవాళ్ళు కేకలు. ఎలాగో లాగి వెనక్కి పడేసుకున్నాం. ఆయన అడుగుచెక్కల మీద వెల్లకిలా పడి, "మూటని మోసినట్టు మొయ్యకండ్రా నన్ను," అన్నాడు. ఆ మాట మాత్రం ఏ ముద్దా లేకుండా స్పష్టంగా వచ్చింది.

ఇంటికొచ్చాక కుర్చీ గోడవైపు తిప్పించుకున్నాడు. మర్నాడూ అంతే. మూడో రోజు కిటికీ వైపు తిప్పబోతే చేత్తో చక్రం గట్టిగా పట్టుకున్నాడు.

అమ్మ వంటింట్లోకి పోయి బోలెడు గిన్నెలు తోమింది, శుభ్రంగా ఉన్నవి కూడా. చేతులు తుడుచుకుంటూ వచ్చి బాబాయ్‌ని నిలదీసింది.

"ఆయన దాని దగ్గరికి పోలేడు. సరే. దాన్నే, నీళ్ళలోకి దిగే మన పెరటి మెట్ల దగ్గరికి తెస్తే ఏం పోయింది? మెట్టు మీంచి అడుగు తీసి అడుగు వెయ్యడమేగా?"

"రాదు వదినా. మెట్ల దగ్గర లోతు లేదు. పడవ కడుపు కింద సీసంతో చేసిన పెద్ద రెక్క ఉంటుంది, కీల్ అంటారు. అది మనిషి మునిగేంత లోతుకి దిగి ఉంటుంది. ఇక్కడికి తెస్తే బురదలో కూరుకుపోయి పక్కకి ఒరిగిపోతుంది."

"అయితే కొయ్యండి."

"ఏంటి కోసేది?"

"ఆ రెక్క. పొడుగైన లంగాని మడిచి కుట్టుకోమా? కోసి పొట్టి చెయ్యండి."

బాబాయ్ నా వైపు చూశాడు. నవ్వాలో వద్దో తెలీలేదు పాపం. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పడవ గాలికి తిరగబడకుండా నిలబెట్టేది ఆ బరువే. ఊరికే కోసి పారేస్తే మొదటి గాలికే బోల్తా. కోసిన సీసం కరిగించి, పొట్టిగా వెడల్పుగా మళ్ళీ పోత పొయ్యాలి. అప్పుడు బరువు బరువూ ఉంటుంది, లోతూ తగ్గుతుంది. "చెయ్యొచ్చు. కానీ అంత పెద్ద పోతంటే ఆ పని తెలిసినవాడు కావాలి," అని ఆగిపోయాడు.

ఆ పని తెలిసినవాడు మాకు ఒకడున్నాడు. మా తమ్ముడు. కానీ వాణ్ణి అడిగేదెవరు?

తమ్ముడికి సముద్రం పడదు. పడవెక్కితే చాలు, కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. నాన్నకి అదొక అవమానం. అలవాటు చేస్తానని చిన్నప్పుడు వాణ్ణి ప్రతి సెలవుకీ లాక్కుపోయేవాడు, పిండిన గుడ్డలా తిరిగొచ్చేవాడు వాడు. "వీడు ఒడ్డుపీతరా," అని నలుగురిలో నవ్వేవాడు నాన్న. నలుగురూ నవ్వేవాళ్ళు. మీసాలొచ్చీ రాగానే వాడు వేరే ఊరు పోయి పోత కార్ఖానాలో చేరిపోయాడు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా "బాగున్నావా?" "బాగున్నా" తప్ప మాటల్లేవు. ఆసుపత్రికి వచ్చినప్పుడు కూడా అంతే.

అక్కని కదా, నేనే ఫోన్ చేశాను. అంతా విని, "నాన్న అడిగాడా?" అన్నాడు.

"లేదు. అమ్మ అడిగింది."

"నాన్న ఒప్పుకున్నాడా?"

"కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడురా," అన్నాను. అవతల ఎవరికో యంత్రం ఆపమని కేకేశాడు. తర్వాత "వస్తున్నా," అని పెట్టేశాడు.

నాన్నకి చెప్పే పని అమ్మ నెత్తినేసుకుంది. గోడకీ ఆయనకీ మధ్య ఇరుక్కుని నిలబడి మరీ చెప్పింది.

"దాని కాళ్ళు నరుకుతారా?" అన్నాడు నాన్న.

"నరికితేనే మీ దగ్గరికి నడిచొస్తుంది."

"ఇక గాలికి ఎదురు పోలేదది."

"మీరు మాత్రం పోగలుగుతున్నారా?"

నేను గుమ్మంలో నిలబడి నాలుక్కరుచుకున్నాను. ఇంత మాటా అనేది! నాన్న ఆవిడ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి ఆయన మూతి ఒక పక్కకి సాగింది. ఏడుస్తున్నాడనుకున్నాను, నవ్వుతున్నాడు. "ఇన్నాళ్ళకి దాని మీద పగ తీర్చుకుంటున్నావే," అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. నవ్వి, కొంగుతో ఆయన మూతి తుడిచింది.

ఎండలు ముదిరేసరికి పడవ షెడ్డులోకి వచ్చేసింది. క్రేన్ దాన్ని పైకి లేపుతుంటే నీళ్ళు కారుతూ, కింద నాచు వేలాడుతూ, నాకే జాలేసింది. కీల్‌ని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. గోడంత ఉంది. పడవకి పట్టిన బోల్టులు విప్పుతుంటే ఒక్కోటీ ప్రాణం తీసింది. నాన్న కుర్చీ షెడ్డు గుమ్మంలో, నీడపట్టున. ఎడం చెయ్యి ఎత్తి అటూ ఇటూ చూపిస్తూ, తిడుతూ, గదమాయిస్తూ ఉండేవాడు. గోడ మాట మర్చేపోయాడు. అమ్మ మధ్యాహ్నం భోజనం అక్కడికే తెచ్చేది. "మీ అయ్య అరుపులు మన వీధి దాకా వినపడుతున్నాయి," అనేది సంబరంగా.

నా పని నాకూ ఉంది. రేవులో తెరచాపలు కుట్టేది నేనే. కీల్ పొట్టిదైతే తెరచాప కూడా తగ్గాలి. షెడ్డులో ఓ మూల ఆ గుడ్డంతా పరుచుకుని, అంచు కోసి మళ్ళీ కుడుతూ ఉండేదాన్ని. తండ్రీకొడుకులు ఎప్పుడు మాట్లాడుకుంటారా అని ఓ చెవి అటే ఉండేది. మొదటి వారం పనిముట్ల పేర్లే మాట్లాడుకున్నారు.

పోతకి ముందు తమ్ముడు కొత్త కీల్ బొమ్మ నేలమీద సుద్దతో గీశాడు, నిజం కొలతలతో. కుర్చీ తోసుకొచ్చి నాన్నకి చూపించాడు. నాన్న ఆ చివరనుంచి ఈ చివరకి చూశాడు.

"ముందుకి జరిగింది బరువు," అన్నాడు.

"నేనే జరిపాను నాన్నా. ఇక ఇసుక బస్తాలు అక్కర్లేదు."

ఆ బస్తాల సంగతి చెప్పాలి. నాన్న వెనకాల చుక్కాని దగ్గర కూర్చుంటే ఆయన బరువుకి వెనక భాగం దిగి, పడవ ముక్కు పైకి లేచేది. అందుకని ముక్కులో ఎప్పుడూ ఇసుక బస్తాలుండేవి. ఆయన ఎక్కితే బస్తాలు ఎక్కాలి, దిగితే దించాలి. చిన్నప్పుడు ఆ బస్తాలు మొయ్యడం తమ్ముడి పనే. వాంతులు చేసుకుంటూ కూడా మోసేవాడు. ఇప్పుడు వాడు చేసిందేంటంటే, నాన్న బరువుకి సరిపడా సీసాన్ని కీల్‌లోనే ముందుకి జరిపేశాడు. నాన్న కూర్చుంటే పడవ దానంతటదే సమంగా నిలబడుతుంది.

"నా బరువెంత వేశావు?"

"జబ్బు చెయ్యకముందుది."

"ఇప్పుడంత లేనుగా."

"మళ్ళీ ఒళ్ళు చేస్తావుగా," అన్నాడు తమ్ముడు. సుద్దముక్క చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు, చిన్నపిల్లాడు పలక చూపించి నిలబడ్డట్టు.

బాబాయ్ ఏదో అనబోయాడు. నాన్న ఆయన వైపు ఒక్క చూపు చూశాడు, ఆయన నోరు మూసుకున్నాడు. ముసలాళ్ళిద్దరికీ ఏదో పాత గొడవనుకుని నేను సూదిలో దారం ఎక్కించుకున్నాను.

"బాగుంది," అన్నాడు నాన్న. "అలాగే పొయ్యి."

పోత పోసిన రోజు తమ్ముణ్ణి చూస్తే వీడు మా వాడేనా అనిపించింది. ఇంట్లో అడుగు తీసి అడుగు వెయ్యడానికి మొహమాటపడేవాడు, అక్కడ అందరి మీదా కేకలు. ఇసుకతో అచ్చు కట్టాడు. దాని పక్కన ఇనప బానలో, పాత కీల్ కోసిన సీసం ముక్కలు కరిగించాడు. పైన తేలిన బూడిద తెట్టు తీసేస్తే లోపల అద్దంలా మెరుస్తోంది. పొగ తగలకుండా నాన్నని గాలికి ఇవతల, దూరంగా కూర్చోబెట్టి ముక్కుకి తడిగుడ్డ కట్టాం. పోత మొదలెడితే మధ్యలో ఆపకూడదట. "ఆపకు బాబాయ్! ఆపితే అతుకు పడుతుంది! అక్కా, నువ్వు వెనక్కి పో!" అని అరుస్తూనే ఉన్నాడు, చేతులు మాత్రం వణకలేదు. సీసం సన్నని ధారగా, చప్పుడు లేకుండా అచ్చులోకి దిగింది. అచ్చు నిండేదాకా నాన్న రెప్ప వెయ్యలేదు.

అంతా అయ్యాక తమ్ముడు ముసుగు తీసి, చెమటలు కక్కుతూ కుర్చీ పక్కన కూలబడ్డాడు.

"ఎవడ్రా నీకు నేర్పింది?" అన్నాడు నాన్న.

"ఎవడు నేర్పుతాడు? కాల్చుకుని నేర్చుకున్నా." చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. మోచేతి దాకా పాత కాలిన మచ్చలు.

నాన్న ఎడం చేత్తో ఆ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు. "ఒక్కసారి కూడా రాలేదురా నేను, నీ పని చూడ్డానికి. తప్పు చేశాను."

"పోన్లే. నీ పడవెక్కి నేను కక్కుకున్నాను, నా కొలిమి దగ్గర నువ్వు దగ్గావు. చెల్లుకు చెల్లు," అన్నాడు తమ్ముడు. అని, మొహం కడుక్కొస్తానని పంపు దగ్గరికి పోయి, ఎంతసేపటికీ రాలేదు. నాకు ఏడుపాగలేదు. తెరచాప గుడ్డతోనే తుడుచుకున్నాను.

కొత్త కీల్ చల్లారింది, పైకెత్తి బోల్టులు బిగించారు. ఇక రంగులే మిగిలాయి. నీళ్ళు ఎక్కడిదాకా రావాలో ఆ గీత తమ్ముడు తెల్లగా, తిన్నగా వేశాడు. గీత కింద ఎరుపు, పైన నీలం. మబ్బులు పడుతున్నాయి, వానలు వచ్చేలోపు నీళ్ళలోకి దించాలని వాడి ఆత్రం. రేపో ఎల్లుండో దించుతామనగా, మధ్యాహ్నం భోజనం చేసి నాన్న మంచం మీద వాలాడు. నేను దుప్పటి సర్దుతుంటే, "రంగు ఆరిందా?" అన్నాడు.

"ఆరుతోంది నాన్నా."

లేపడానికి వెళ్ళిన అమ్మ కేక వేసింది. రెండోసారి వచ్చింది పక్షవాతం. ఆసుపత్రికి చేర్చాం గానీ మళ్ళీ కళ్ళు తెరవలేదు.

ఆ తర్వాత వారం సంగతి ఎక్కువ చెప్పను. వానలు పట్టుకున్నాయి. వచ్చినవాళ్ళంతా మంచివాళ్ళే. గుండె రాయి చేసుకోమన్నారు, పిల్లల మొహం చూసి బతకమన్నారు. ఎవరో సాయం చేద్దామని మంచం మడిచేశారు, కుర్చీ ఎత్తి సామాన్ల గదిలో పెట్టేశారు, గది కడిగేశారు. అమ్మ ఆ ఖాళీ గదిలో నిలబడి, "ఎంత తొందరగా సర్దేశారే," అంది నాతో. మెచ్చుకుంటోందో తిడుతోందో తెలీలేదు. పొద్దున్నే లేచి మళ్ళీ నాలుగు కప్పుల్లో కాఫీ పోసి, ఒకటి తనే పారబోసేది.

వాన తెరిపిచ్చిన ఒక పొద్దున తమ్ముడు సంచి సర్దుకుంటుంటే అమ్మ వాణ్ణి ఆపింది. "మొదలెట్టిన పని పూర్తి చేసి పో. దాన్ని నీళ్ళలో పెట్టు."

"ఇప్పుడెందుకమ్మా?"

"మెట్ల దగ్గరికి వస్తుందో రాదో నేను చూడాలి."

వచ్చింది. క్రేన్ దించాక తెడ్ల పడవతో లాక్కొస్తే, మా పెరటి మెట్ల దాకా సాఫీగా వచ్చేసింది. కింద ఎక్కడా తగల్లేదు. మెట్టు మీంచి కాలు చాపితే చాలు, పడవలో ఉంటాం. పక్షవాతం మనిషేంటి, పాకే పిల్లాడైనా ఎక్కేస్తాడు. ఇంత బాగా కుదరాలా ఇప్పుడు, అనుకున్నాను.

కానీ పడవ సమంగా లేదు. ముక్కు కిందికి దిగి ఉంది. తెల్ల గీత ముందువైపు నీళ్ళలో మునిగిపోయింది, వెనకవైపు జానెడు ఎర్రరంగు బయటికి తేలింది. ఒంగి ఏదో వెతుక్కుంటున్నట్టుంది.

"కారుతోందేమో," అని తమ్ముడు దూకి ముందున్న మూత తీసి చూశాడు. చెయ్యి పెట్టి తడిమాడు. "పొడిగానే ఉందే?" అన్నాడు. అన్నవాడు అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. వాడి మొహం చూశాకే నాకూ తట్టింది.

"నాన్న బరువక్కా," అన్నాడు. "నాన్న కూర్చుంటాడని పోశాను."

వాడు బాబాయ్ వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసురా. ఎక్కే దిగే మనిషి బరువు కీల్‌లో పొయ్యరు. ఆ రోజే చెప్పబోయాను, మీ నాన్న కళ్ళతోనే ఆపేశాడు. నువ్వు ఇంటికి పోయాక అడిగాను, 'అన్నా, నువ్వు లేని రోజున అది ముక్కు దించేస్తుంది కదా, చెప్పొద్దా వాడికి' అని." బాబాయ్ మునిగిన తెల్ల గీత వైపు చూశాడు. "దానికి మీ నాన్న, 'వాడు నన్ను లెక్కలో వేసుకున్నాడురా, చెరపకు' అన్నాడు."

తమ్ముడు పడవలోనే కూర్చుని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అంత మనిషి అలా ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

బాబాయే చివరికి లేచాడు. పోతలో మిగిలిన సీసం కడ్డీలు షెడ్డులో ఉన్నాయి. చక్రాల బండిలో వేసుకొచ్చి, ఒక్కోటీ అందించాడు. తమ్ముడు వాటిని వెనకాల, చుక్కాని పక్క చెక్క కింద పేర్చాడు. పేర్చేకొద్దీ ముక్కు లేచింది. తెల్ల గీత నీళ్ళలోంచి పైకొచ్చి, ఈ చివరనుంచి ఆ చివరకి తిన్నగా నిలబడింది.

"అదీ, ఇప్పుడు బాగుంది," అన్నాడు బాబాయ్ ఊపిరి పీల్చుకుని. "ఇక తేడా ఏమీ తెలీదు."

అమ్మ అప్పటిదాకా పై మెట్టు మీద నిలబడే ఉంది, చేతులు కట్టుకుని. "ఏమీ తెలీదా?" అంది.

"తెలీదు వదినా. సరిగ్గా సరిపోయింది."

"అంతేనా? నాలుగు సీసం ముక్కలు పెడితే సరిపోతుందా?" అమ్మ గొంతు పెద్దదైంది. "తీసెయ్యరా అవి."

"తీస్తే మళ్ళీ ముక్కు దిగుతుందమ్మా," అన్నాడు తమ్ముడు.

"దిగనీ. గది సర్దేశారు. మంచం ఎత్తేశారు. ఎవరికీ ఏమీ తెలీకుండా అన్నీ చేసేశారు. ఆ మనిషి లేడని నాకొక్కదానికేనా తెలియాల్సింది? దానికీ తెలియనీ."

తమ్ముడు నా వైపు చూశాడు. నేను తలూపాను. వాడు వంగి కడ్డీలు ఒక్కోటీ తీసి నాకందించాడు, నేను మెట్ల మీద పెట్టాను. ముక్కు మెల్లగా నీళ్ళలోకి దిగింది. అమ్మ కిందికొచ్చి, తడిసిన మెట్టు మీద, పడవ పక్కనే కూర్చుంది.